లాంతరు ఆరలేదు

మా ఇంటి వసారా దూలానికి ఒక లాంతరు వేలాడుతూ ఉండేది. మా అత్త కాపురానికి వచ్చిన నాటిదట. దాని గాజు మూడుసార్లు పగిలింది, ఒత్తి ఎన్నిసార్లు మార్చామో తెలియదు, కిందనున్న కిరసనాయిలు బుడ్డి మాత్రం పాతదే. కరెంటు వచ్చాక ఇంట్లో దాంతో పని లేకుండా పోయింది. బావుల కోసమే దాన్ని దాచుకున్నాం.

మా వైపు ఎండాకాలంలో పాత బావి పూడిక తీయాలంటే ముందు లాంతరు వెలిగించి తాడు కట్టి లోపలికి దింపుతారు. అడుగు దాకా పోయినా దీపం నిలబడితే లోపల గాలి మంచిదే, మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఆ రోజు ఎవరూ దిగరు. వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి గాలి కదిలించి, మర్నాడు మళ్లీ చూస్తారు. ఆ లాంతరు దింపే పని మా ఇంటి పెద్ద ఆడమనిషిది. మా అత్త దింపినన్నాళ్లూ ఒక్క ప్రాణం పోలేదు. ఆమె తర్వాత ముప్పై ఏడేళ్లు నా చేతిలోనూ పోలేదు. రుద్రవరం వైపు నుంచి, గోస్పాడు వైపు నుంచి కూడా మనుషులొచ్చి, "ఓబులమ్మవ్వా, నువ్వూ నీ లాంతరూ రావల్ల" అని బండెక్కించుకుని పోయేవారు. పోయిన చోటల్లా ఒక చీరముక్కో, సోలెడు కొర్రలో ఇచ్చి పంపేవారు. అవి తీసుకోవడం కంటే, నేను తలూపాకనే మనిషి దిగుతాడే, అదీ నాకు సంతోషం.

పోయిన ఏడాది మే నెలలో నా కొడుకు పుల్లయ్యను ఆ లాంతరు చూసే బావిలోకి పంపాను.

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఉంటుంది మా ఊరు. పోయిన ఏడాది బోర్లు ఎండిపోయి, ట్యాంకరు నీళ్లకు ఆడవాళ్లు జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు నంద్యాలలోని ఒక యువజన సంఘం వాళ్లు పాత బావులు బాగుచేస్తామని ముందుకొచ్చారు. వాళ్ల దగ్గరికి ఏటా ఎండాకాలంలో పరాయి దేశాల పిల్లలు సేవ చేయడానికి వస్తారట. వానలు పడేలోగా నలభై రోజుల్లో ఏడు బావులు తీయాలని పెట్టుకున్నారు. మాది ఐదోది. అప్పటికే ఆ పిల్లల చేతులు బొబ్బలెక్కి, ముక్కుల మీద తోలు ఊడి, చూస్తే జాలేసేది.

ఎనిమిది మంది వస్తే ఒక పిల్లను మా ఇంట్లో పెట్టారు. పేరు జెస్సీ. ఇరవై ఒకటి నిండాయంది. స్కాట్లండ్ అంట ఆమె దేశం, ఏడాది పొడుగునా చినుకులు పడే చోటట. అలాంటి చోటు నుంచి మా ఎండలోకి ఎందుకొచ్చావే అని అడిగితే నవ్వింది. ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చెప్పడానికి వినీత్ ఉండేవాడు. మా ఊరి పిల్లవాడే, నంద్యాలలో డిగ్రీ చదువుతూ ఆ సంఘంలో చేరాడు.

జెస్సీకి సంగటి ముద్ద మింగడం రాలేదు. నమిలేది. పుల్లయ్య చూసి చూసి, "మా, ఈ పాపకు చెప్పు, అది నమిలేది కాదు, తెల్లార్లూ నమిలినా అయిపోదు" అనేవాడు. నా కోడలు సుకన్య అయితే ఆమెకు తల దువ్వి జడ వేసేది. ఆ రాగిరంగు వెంట్రుకలు జడలో నిలవవు, పొద్దెక్కేసరికి విడిపోయేవి. మా పుల్లయ్యకు పిల్లలు లేరు. ఇల్లు కాస్త సందడిగా ఉండేసరికి వాడు సాయంత్రం చేను నుంచి త్వరగా వచ్చేవాడు.

ఒకరోజు ఆ పిల్ల దూలానికున్న లాంతరు చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. వినీత్ చెబుతుంటే ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వింది. వాళ్ల ముత్తాత బొగ్గు గనిలో పనిచేసేవాడట. ఆ గనుల్లోకి చిన్న పిట్టను పంజరంలో పెట్టుకుపోయేవారట. పిట్ట తూలి పడిపోతే మనుషులు బయటికి పరిగెత్తేవారట.

"మీకు పిట్ట, మాకు దీపం" అన్నాను. "పిట్టయితే పాపం చస్తాది. మాదే మేలు."

ఆమె ఏదో అంది. వినీత్ బుర్ర గీరుకుని, "దీపం ఉన్నా పిట్టను కూడా తీసుకపోయేటోళ్లంట అవ్వా" అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. అడిగుంటే ఆ పిల్ల చెప్పేదే.

బడి వెనక ఉన్న ఆ బావి పెద్దది. ముప్పై అడుగుల దాకా రాతి మెట్లున్నాయి, ఒక మనిషి పట్టేంత వెడల్పు. మెట్లు అయిపోయిన చోట ఒక అరుగు. అక్కడి నుంచి అడుగుకు ఇంకో పాతికడుగులు తాడు మీదే పోవాలి. దిగే మనిషి నడుముకు తాడు కట్టుకుని గట్టు మీది గిలకతో దిగుతాడు. అడుక్కి చేరాక తాడు విప్పి దానికి ఇనపగంప కట్టి, బురద నింపి పైకి పంపుతాడు. దిగేది పుల్లయ్య. పై నుంచి గంపలు మోసేది సంఘం పిల్లలు. నాలుగు రోజులు అలాగే సాగింది. రోజూ పొద్దున నేను లాంతరు దింపడం, దీపం నిలబడటం, వాడు దిగడం.

ఐదో రోజుకు ఊట తగిలి నడుంలోతు నీళ్లు నిలబడ్డాయి. బడి దగ్గరికి మోటారు కరెంటు లేదు. ఆళ్లగడ్డ నుంచి అబ్దుల్ రహిమాన్ తన ఆయిలింజను ట్రాక్టరు మీద తెచ్చాడు. గట్టు మీద పెడితే అంత లోతు నుంచి నీళ్లు గుంజదని మెట్ల మీదుగా మోసుకుపోయి లోపలి అరుగు మీద పెట్టారు. తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకా ఆడించారు. మా అత్త కాలంలో కపిల కట్టి ఎద్దులతో నీళ్లు తోడేవారు. నా కాలంలో కరెంటు మోటార్లు. నేను లాంతరు దింపిన బావుల్లో ఏ ఒక్కదానిలోనూ లోపల ఇంజను పెట్టి ఆడించగా చూడలేదు.

నీళ్లు పోయాయి. ఇంజను ఆపారు. గట్టు మీద నలభై మందిమి ఉన్నాం. నేను లాంతరు వెలిగించి దింపాను. అరుగు దాటింది, అడుక్కి పోయింది. ఒత్తి కదల్లేదు. పసుపుపచ్చగా నిటారుగా నిలబడింది. పది నిమిషాలు ఉంచాను, నిలబడే ఉంది. పైకి లాగి పుల్లయ్య వైపు తలూపాను.

అప్పుడు జెస్సీ గంప పారేసి వచ్చింది. చేతులు అడ్డంగా ఊపుతూ, అరుగు దగ్గర మసిబారిన గోడ చూపిస్తూ గబగబా మాట్లాడింది. వినీత్ నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"అవ్వా, దిగొద్దంటాండాది. ఇంజను నిలిపినా దాని పొగ లోపల్నే నిలబడి ఉంటాదంట. ఈ పొద్దు వొద్దు, గాలి కొట్టే మిషను తెప్పిస్తా అంటాండాది."

"దీపం చూసినావా?"

"చూసినా."

"ఆరిందా?"

"ల్యా."

"ఇంగేంది మరి?"

పుల్లయ్య నడుముకు తాడు బిగించుకుంటూ గిలక దగ్గర నుంచి అడిగాడు. "ఏందిమా, ఏమంటాండాది పాప?"

నేను అన్నాను: "ఏమంటాది, బేగా దిగు, పొద్దు పోతాంది అంటాండాది."

గట్టు మీదున్న వాళ్లంతా నవ్వారు. పుల్లయ్య కూడా నవ్వాడు. "దిగుతాలే తల్లీ, నీ దేశానికి నీళ్లు పంపల్లనా ఏంది" అన్నాడు ఆమె వైపు చూసి.

ఆ మాట ఎందుకన్నానని ఇన్ని నెలలుగా నన్ను నేను అడుగుతున్నాను. మొన్న వచ్చిన పిల్ల నా లాంతరు మాట చెల్లదంటోందని నలభై మందిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంతకుమించి పెద్ద కారణం ఏమీ దొరకలేదు. పది మంది నవ్వితే ఆ సంగతి అక్కడితో పోతుందనుకున్నాను. వాళ్ల నవ్వు చూసి జెస్సీ వినీత్ వైపు చూసింది. వాడు నేల చూస్తున్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను బుగ్గ మీద తట్టాను, ఏం కాదులే అన్నట్టు. అప్పటికే గిలక తిరుగుతోంది.

పుల్లయ్య అడుక్కి చేరాడు. తాడు విప్పాడు, గంపకు కట్టాడు. రెండు గంపలు పైకొచ్చాయి. మూడోది నింపుతూ ఆగిపోయాడు. "తల దిమ్మంటాందిమా" అన్నాడు. బురదలోనే కూర్చున్నాడు. కూర్చుని, పడుకోవడానికి చోటు చూసుకుంటున్నట్టుగా మెల్లగా పక్కకు ఒరిగాడు. తాడు గంపకుంది, వాడికి లేదు. లాగడానికి ఏమీ లేదు.

రహిమాన్ మెట్ల వైపు పరిగెత్తాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. వాళ్లకంటే ముందు జెస్సీ పోయి పైనుంచి మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. రెండు చేతులూ అటూ ఇటూ గోడకు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి కూర్చుంది. రహిమాన్ లాగాడు, కదల్లేదు. అతను ఆడపిల్ల మీద అంతకన్నా చెయ్యి వేయలేక, "జరగమ్మా, మనిషి పోతాండాడు, జరుగు" అని బతిమాలాడు. ఆ పిల్ల ఏడుస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది, కదలడం లేదు. నేను పోయి ఆమె మణికట్టు కొరికాను. నాకు ముందరి పళ్లు ఇంకా గట్టివే. రక్తం ఉప్పగా నోట్లోకి వచ్చింది. అయినా చెయ్యి తీయలేదు.

ఎవరో ఫోను చేస్తే ఆళ్లగడ్డ నుంచి ఫైరింజను వచ్చింది. ముక్కుకూ నోటికీ మూత కట్టుకున్న మనిషి దిగి వాడిని తెచ్చాడు. ముఖాన బురద తుడిస్తే బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా ఉండేవాడు. బతికే ఉన్నాడని నేను అరిచాను. లేడు.

మర్నాడు నంద్యాల పెద్దాసుపత్రిలో శవపరీక్ష. అది అయిపోయాక డాక్టరమ్మ బయటికొచ్చింది. గీతాంజలి అని కోటు మీద రాసి ఉంది. ఆమెను ఆపి అడిగాను. "తల్లీ, దీపం నిలబడింది. గాలి బాగుండాది. నా కొడుకు ఎట్ల పోయినాడు?"

ఆమెకు ఇంజను సంగతి అంతకుముందే తెలిసినట్టుంది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఇంజన్ పొగలో ఒక విషం ఉంటాదవ్వా. కంటికి కనపడదు, వాసన ఉండదు. ఒంట్లో రక్తం గాలిని పట్టుకోకుండా చేస్తాది. మొఖం ఎర్రగా ఉండాదే, అదే గుర్తు."

"మరి దీపం?"

"ఆ విషానికి దీపం ఆరదు."

పిట్టను కూడా ఎందుకు తీసుకుపోయేవారో ఆ బెంచీ మీద నాకు అర్థమైంది. సుకన్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఆ మాట విందో లేదో తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజుకు ఊరంతా ఒకటే మాట. ఆ దొరసాని తొందర పెట్టింది, దిగినాక కాపాడనీకుండా అడ్డం పడింది. సుకన్య తమ్ముడు కిరణ్ ఆళ్లగడ్డ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాడు. తొందర పెట్టిందనడానికి సాక్ష్యం నలభై మంది. వాళ్లు విన్నది నా నోటి నుంచే కదా. జెస్సీ నంద్యాల దాటి పోకూడదన్నారు. మిగిలిన ఏడుగురు ఆరో బావికి పోయారు, ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టారు. తీసిన పూడిక మా బావి గట్టున కుప్పగానే ఎండిపోయింది.

నాలుగో రోజు రహిమాన్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు తిట్టినా సరే ఒక మాట చెప్తా. ఆ పాప అడ్డం కూచోకపోయింటే నేనూ ఆడ్నే పడుండేటోణ్ణి. నా వెనకాల ఇద్దురు. నా ఇంజనుతోనే పోయినాడు పుల్లయ్య. నాకు నిద్ర పడ్తల్యా. ఇంగ ఆ పాపను కూడా జైలుకు పంపితే నేనేం కావల్ల?"

"ఈ మాట స్టేషన్లో చెప్పినావా?"

"చెప్పినా. అడ్డం పడింది మంచికే అని రాసుకున్యారు. మరి తొందర పెట్టిందే, దానికేమంటావ్ అన్యారు. నేను ట్రాక్టరు కాడ ఉంటి, ఆయమ్మ ఏమన్నదో నాకేం తెల్సు?"

అతను పోయాక సాయంత్రం వినీత్ వచ్చాడు. నాలుగు రోజుల్లో సగమయ్యాడు.

"చెప్పు" అన్నాను.

"ఏం చెప్పేది అవ్వా. ఎల్లుండి నిన్నూ సుకన్యక్కనూ స్టేషనుకు పిలుస్తారు. నేను చెబ్దామంటే మా నాయన కాళ్లిరగ్గొడతా అన్యాడు, ఊర్లో ఉండల్లనా వొద్దా అన్యాడు."

"ఆ పిల్ల ఏమంటాది?"

"ఆయమ్మికి నువ్వేమన్నావో తెలీదవ్వా. నేను చెప్పల్యా. నాకు మీ భాష వచ్చింటే అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పేదాన్ని, నా మాట సరిగా లేక ఆయప్ప పోయినాడు అని ఏడుస్తాండాది. తప్పు తనదే అనుకుంటాండాది."

నేను వాడిని తిట్టాలనుకున్నాను. ఏ నోటితో తిట్టాలి? మజ్జిగ ఇస్తే తాగకుండా పోయాడు.

రెండు రాత్రులు సుకన్య పక్కనే పడుకున్నాను. పదహారేళ్లు కాపురం చేసిన పిల్ల. నా మీద ఎప్పుడూ నోరెత్తలేదు. నిద్రలో కూడా చెయ్యి నా మీద వేసి పడుకుంటోంది. నాకు ఈ లోకంలో మిగిలింది ఆమె చెయ్యి ఒకటే. నోరు మూసుకుంటే అది ఉంటుంది. చెబితే ఉండదు. నాకు చదువు లేకపోయినా ఆ లెక్క తెలుసు.

స్టేషనులో ఎస్సై చిన్నవాడే, మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. కిరణ్ మా వెనక నిలబడ్డాడు. వరండాలో సంఘం వాళ్లతో జెస్సీ, వినీత్ ఉన్నారు.

"అమ్మా, ఆ రోజు ఆమె తొందరగా దిగమని చెప్పినట్టు అందరూ అంటున్నారు. మీరు విన్నారా?"

"ల్యా" అన్నాను. "ఆ పిల్ల దిగొద్దనింది. ఇంజన్ పొగ ఉంటాది, గాలి మిషను తెప్పిస్తా, ఆగమనింది. వినీత్ నా చెవిలో చెప్పినాడు. నా కొడుకు ఏమంటాండాదని అడిగినాడు. బేగా దిగమంటాండాదని చెప్పింది నేను. నలభై మంది విన్నది నా అబద్ధమే."

కిరణ్ ముందుకొచ్చాడు. "అత్తా, ఎవురు నేర్పించినారు నీకిది? దుడ్లేమన్నా ఇచ్చినారా?"

"ఎవురూ నేర్పల్యా."

ఎస్సై కలం పక్కన పెట్టాడు. "పెద్దామె, కొడుకు పోయిన బాధలో ఉన్నారు. ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించి రండి."

"ఆలోచించే వచ్చినా నాయనా. రాసుకో. చదివి వినిపించు, సంతకం పెడతా."

రాశాడు. చదివాడు. నా పేరు నాలుగు అక్షరాలు రాయడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది. సుకన్య వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె కొంగు ఫ్యాను గాలికి నా మోకాలికి తగులుతూ ఉండింది. కొంతసేపటికి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

వరండాలోకి వచ్చాను. జెస్సీ లేచి నిలబడింది. మణికట్టు మీద నా పళ్ల గుర్తులు పచ్చబడి ఉన్నాయి. తన నీళ్ల సీసా నాకిచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"వినీత్" అన్నాను. "ఆ పొద్దు నేనేమన్నానో మొత్తం చెప్పు. ఈసారి ఒక్క మాట కూడా మింగొద్దు."

వాడు చెప్పాడు. అంత చిన్న మాట ఆ భాషలో చెప్పడానికి అంతసేపు ఎందుకు పడుతోందా అనిపించింది. ఆమె ముఖం వింటూ వింటూ తెల్లబడిపోయింది. తిట్టలేదు. తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది, అంతే. తర్వాత వారానికి విమానం ఎక్కిందని విన్నాను. ఆమె నుంచి ఏ కబురూ రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

ఆళ్లగడ్డ బస్టాండులో రుద్రవరం బస్సు కోసం కూర్చున్నాం. కిరణ్ ముందే పోయాడు. సుకన్య బస్సు వచ్చే దారి వైపు చూస్తూ అడిగింది.

"అత్తా, ఒకటి అడుగుతా. పాప వొద్దంటాండాది అని నువ్వు ఉన్నదున్నట్టు చెప్పింటే ఆయన దిగేటోడా?"

పుల్లయ్య సంగతి నాకు తెలియదా. ఎవరు వద్దన్నా ఆగే మనిషి వాడు. చెరువు గట్టు మీద ఎద్దు బెదిరితే బండి దిగి నడిచొచ్చేవాడు. దిగేవాడేలే, మొండివాడు అని ఒక్క మాట అంటే చాలు, ఆమెకూ నాకూ కాస్త నీడ దొరికేది.

"దిగేటోడు కాదు" అన్నాను.

బస్సు వచ్చింది. ఆమె ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను.

ఇల్లు ఆమెదే, చేను ఆమెదే, పుట్టింటికి పోలేదు. రెండు పూటలా సంగటి వండి నా గిన్నె గడప దగ్గర పెడుతుంది. కూరలో ఉప్పు తక్కువ కాలేదు, నీళ్ల చెంబు మరిచిపోలేదు. మాట మాత్రం లేదు. నేనే మాట్లాడుతూ ఉంటాను, వానల గురించి, పక్కింటి బర్రె గురించి. నాకు నోరు మూసుకుని ఉండటం చేతకాదు కదా. గోడ వింటుంది.

ఈ ఏడాది ఏప్రిల్లో గోస్పాడు వైపు నుంచి ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చారు. అంత దూరం మా సంగతి పోయినట్టు లేదు. "ఓబులమ్మవ్వా, బాయి పూడిక తీస్తాండాం. నీ లాంతరు కావల్ల, నువ్వూ రావల్ల" అన్నారు. దూలం వైపు చూశాను. లాంతరు అక్కడే ఉంది, దాన్ని తీసేయడానికి మా ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి సుకన్య గొంతు వినిపించింది. "లోపల ఇంజను పెట్టినారా?"

"పెట్టినాం మా. నీళ్లన్నీ కొట్టించినాం. ఇంగ దిగేదే తరువాయి."

సుకన్య గడప దాకా వచ్చింది. "దిగొద్దండి. ఇంజను ఆడించిన బాయిలో దీపం ఆరదు, మనిషి పోతాడు. ఫైరోళ్లను పిలిపించి చూపించుకోండి."

వాళ్లకు ఆ మాట తలకెక్కలేదు. పెద్దామె నోటి నుంచి వినాలని నా వైపు తిరిగారు. "ఏందవ్వా, నువ్వు చెప్పు. దింపల్నా వొద్దా?"

"ఆమె చెప్పిందే" అన్నాను. "నా కొడుకును ఆ లాంతరుతోనే పోగొట్టుకున్యా."

బండి తిప్పుకుని పోయారు. దిగారో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత మూడు రోజులు పేపరు చదివే వాళ్ల దగ్గర కూర్చుని, గోస్పాడు వైపు ఏమైనా పడిందా అని అడుగుతూ గడిపాను.

బండి చప్పుడు దూరమయ్యే దాకా సుకన్య గడపలో నిలబడి ఉంది. నేను ఆమె ముఖంలోకి చూశాను, ఇంకొక్క మాట వస్తుందేమోనని. ఆమె నా గిన్నె తీసుకుని కడగడానికి పెరట్లోకి పోయింది.